సీఈఓని ఫస్ట్ నేమ్‌తో పిలిచే అమెరికాలో ఈ 'సుప్రీమ్ బాసిలియస్' ఎవరు?

ఈసారి టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది. అమెరికా కాలేజీల్లో ఫ్రటర్నిటీలు, సొరారిటీలు అని ఉంటాయి కదా, హాలీవుడ్ సినిమాల్లో ఎర్ర కప్పులు పట్టుకుని పార్టీలు చేసుకునే బ్యాచ్. వాళ్ళ ఫంక్షన్లలో లీడర్లకి మర్యాద ఎలా చేస్తారు, ఎందుకు చేస్తారు అన్నది ఈరోజు కథ. "బ్రో, ఇదేం టాపిక్" అనకండి. కోర్టు గొడవ ఉంది, వైట్ హౌస్ ఉంది, ఒక వెండి బుట్ట కూడా ఉంది.

2024 జులై 10న టెక్సాస్‌లోని డాలస్‌లో ఒక పెద్ద సభ జరిగింది. ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే నల్లజాతి మహిళల సొరారిటీ వాళ్ళది. ఈ మహాసభని వాళ్ళు 'బూలే' అంటారు, పాత గ్రీకులో సభ అని అర్థం. హాలంతా గులాబీ, ఆకుపచ్చ రంగులే. ఆ రోజు వచ్చి మాట్లాడింది కమలా హారిస్. ఇంకో పదకొండు రోజుల్లో బైడెన్ పోటీ నుంచి తప్పుకుంటాడని, ఈవిడే ప్రెసిడెంట్ అభ్యర్థి అవుతుందని అప్పటికి ఎవరికీ తెలీదు. ఆమె అప్పుడు దేశ ఉపాధ్యక్షురాలు. కానీ ఆ హాల్లో ఆమెకి ఇంకో హోదా కూడా ఉంది. 1986లో హోవర్డ్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు ఇదే సొరారిటీలో చేరింది. అంటే ఆమె ముఖ్య అతిథీ, ఇంటి ఆడపడుచూ కూడా.

ఇప్పుడు చెప్పండి, ఆమెని ఏమని పిలవాలి? 'మేడమ్ వైస్ ప్రెసిడెంట్' అనా, 'సొరార్ హారిస్' అనా? సొరార్ అంటే లాటిన్‌లో అక్కచెల్లెలు. సభ్యులు సభ్యుల్ని మాత్రమే పిలుచుకునే మాట అది. బయటివాళ్ళు వాడకూడదు.

నాకు ఈ సబ్జెక్ట్ మీద ఎందుకు ఇంట్రెస్ట్ వచ్చిందో ఒక్క ముక్క చెప్తా. ఈ చానెల్ పెట్టకముందు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, అమెరికన్ క్లయింట్లతో. మొదటి కాల్‌లోనే వాళ్ళు చెప్పేది ఏంటంటే, నో సార్, నో మేడమ్. మన నాన్న వయసున్న వైస్ ప్రెసిడెంట్‌ని కూడా "హాయ్ మైక్" అనాలి. కొత్తలో నోరు తిరగదు. సో, నా బుర్రలో అమెరికా అంటే హోదాలు పట్టించుకోని దేశం అని ఫిక్స్ అయిపోయింది. మరి అదే దేశంలో ఒకరు 'సుప్రీమ్ బాసిలియస్', ఇంకొకరు 'గ్రాండ్ పోలెమార్క్' ఎందుకయ్యారు? వాళ్ళు లోపలికి వస్తుంటే వేలమంది లేచి ఎందుకు నిలబడతారు?

ముందు ఈ పేర్ల సంగతి చూద్దాం. బాసిలియస్ అంటే పాత గ్రీకులో రాజు. ఏథెన్స్‌లో రాజరికం పోయాక కూడా ఆ పేరుతో ఒక అధికారి ఉండేవాడు, మతపరమైన వ్యవహారాలు చూసేవాడు. సోక్రటీస్ మీద కేసు నమోదైంది ఆయన దగ్గరే. పోలెమార్క్ అంటే యుద్ధనాయకుడు. క్రీస్తుపూర్వం 490లో మారథాన్ యుద్ధంలో ఏథెన్స్ పోలెమార్క్ కాలిమాకస్ చనిపోయాడు. ఇప్పుడు కప్పా ఆల్ఫా సై అనే ఫ్రటర్నిటీ జాతీయ అధ్యక్షుడి హోదా గ్రాండ్ పోలెమార్క్. ఒమేగా సై ఫై వాళ్ళకి గ్రాండ్ బాసిలియస్. తెల్లవాళ్ళ ఫ్రటర్నిటీల్లో కూడా తక్కువేం కాదు. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్‌లో అయితే 'ఎమినెంట్ సుప్రీమ్ ఆర్కన్', సిగ్మా కైలో 'గ్రాండ్ కాన్సుల్'. మన గండపెండేరాలు, 'మహామహోపాధ్యాయ' బిరుదులు గుర్తొస్తున్నాయా? నాకైతే వచ్చాయి.

ఇదంతా 1776 డిసెంబర్ 5న మొదలైంది. వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్ళు ఫై బీటా కప్పా అని ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల పేరు, రహస్యంగా చేతులు కలిపే పద్ధతి, ఒక పతకం. ఆ రోజుల్లో చదువుకున్నవాడంటే గ్రీకు, లాటిన్ వచ్చినవాడే కాబట్టి ఆ అక్షరాలు. తర్వాత ఫై బీటా కప్పా రహస్యాలు వదిలేసి చదువులో టాపర్ల సంఘంగా మారిపోయింది. కానీ 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ పుట్టింది, వెనకే 1827లో ఇంకో రెండు. ఇప్పుడు మనకి తెలిసిన ఫ్రటర్నిటీల వరస అక్కడి నుంచే. సభల మర్యాదల్లో చాలా భాగం ఫ్రీమేసన్ల దగ్గర తెచ్చుకున్న ధోరణే. అధ్యక్షుడి చేతిలో చిన్న చెక్క సుత్తి, ప్రమాణాలు, 'గ్రాండ్', 'వర్షిప్‌ఫుల్' లాంటి విశేషణాలు. ఇక్కడ దాకా నిజం చెప్పాలంటే డబ్బున్న కుర్రాళ్ళ సరదా. ఇందులో నాకు పెద్ద విషయం కనపడదు.

అసలు కథ ఆడవాళ్ళు వచ్చాక మొదలవుతుంది.

ఇండియానా రాష్ట్రంలో గ్రీన్‌కాసిల్ అనే ఊరు. అక్కడి ఆస్బరీ యూనివర్సిటీ, ఇప్పుడు డిపా యూనివర్సిటీ అంటారు, 1867లో మొదటిసారి అమ్మాయిల్ని చేర్చుకుంది. అందులో ఒకరు బెట్టీ లాక్. వాళ్ళ నాన్న అక్కడే లెక్కల ప్రొఫెసర్. ఈవిడ చదువులో చురుకు. ఫై గామా డెల్టా అనే ఫ్రటర్నిటీ కుర్రాళ్ళు వచ్చి, మా బ్యాడ్జ్ పెట్టుకో అని అడిగారు. అప్పట్లో అది పెద్ద గౌరవం కింద లెక్క. బెట్టీ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. బ్యాడ్జ్ పెట్టుకుంటా, మరి నన్ను పూర్తి సభ్యురాలిగా తీసుకుంటారా? తీసుకోరు. అలాగైతే వద్దు అంది. వాళ్ళకి నిజంగానే ఆమె మీద గౌరవం ఉన్నట్టుంది, ఖాళీ చేతులతో వెళ్ళలేక ఒక వెండి కేక్ బుట్ట బహుమతిగా ఇచ్చారు.

ఈ బుట్ట దగ్గర ఒక నిమిషం ఆగుదాం. సన్మానం వేరు, చోటు ఇవ్వడం వేరు. సభలో శాలువా కప్పి, ఫొటో తీసి, మీటింగ్‌కి మాత్రం పిలవకపోవడం మనకి తెలియని విషయమా? ఆఫీసులో విమెన్స్ డే రోజు రోజా పువ్వు ఇచ్చి, ప్రమోషన్ లిస్టులో పేరు లేకపోవడం కూడా అదే బుట్ట. బెట్టీ లాక్ బుట్ట తీసుకుంది, కానీ అక్కడితో ఊరుకోలేదు. 1870 జనవరి 27న ఇంకో ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా థీటా పెట్టింది. గ్రీకు అక్షరాల పేరుతో వచ్చిన మొదటి మహిళా ఫ్రటర్నిటీ అది. ఆ మార్చిలో గాలిపటం ఆకారంలో ఉన్న తమ సొంత బ్యాడ్జులు పెట్టుకుని కాలేజీ చాపెల్‌లోకి నడిచారు.

గమనించారా, నేను ఇక్కడ మహిళా ఫ్రటర్నిటీ అన్నాను. సొరారిటీ అనే మాట అప్పటికి ఈ సంఘాలకి వాడేవాళ్ళు కాదు. 1882లో గామా ఫై బీటా అమ్మాయిల కోసం సిరక్యూస్‌లో ఫ్రాంక్ స్మాలీ అనే లాటిన్ ప్రొఫెసర్ ఆ మాట వాడాడు. ఫ్రటర్ అంటే అన్నదమ్ముడు కదా, ఆడపిల్లల సంఘానికి అదేంటి అని. అందుకే అంతకు ముందు పుట్టిన కొన్ని సంఘాలు ఇప్పటికీ అఫీషియల్‌గా ఫ్రటర్నిటీ అనే రాసుకుంటాయి.

ఈ బ్యాడ్జ్ చుట్టూ చాలా నియమాలు అల్లుకున్నాయి. గుండె మీదే పెట్టుకోవాలి. దానికి పైన ఇంకే పిన్నూ ఉండకూడదు. జీన్స్, టీషర్టుల మీద పెట్టుకోకూడదు. చాలా సొరారిటీల్లో చాప్టర్ అధ్యక్షురాలి బ్యాడ్జ్‌కి చిన్న సుత్తి బొమ్మ తగిలించి ఉంటుంది. గదిలోకి రాగానే ఈమె ఎవరో తెలిసిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

1924 ఏప్రిల్‌లో ఇదే చిన్న బ్యాడ్జ్ వైట్ హౌస్‌దాకా వెళ్ళింది. అప్పటి ప్రెసిడెంట్ కాల్విన్ కూలిడ్జ్ భార్య గ్రేస్ కూలిడ్జ్ వెర్మాంట్ యూనివర్సిటీలో పై బీటా ఫై చాప్టర్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు. ప్రథమ మహిళ అయ్యాక కూడా కాలేజీ ఫ్రెండ్స్‌తో ఉత్తరాలు ఆపలేదు. ఒకరు రాసి ఇంకొకరికి, వాళ్ళు చేర్చి మరొకరికి, అలా చుట్టూ తిరిగి వచ్చే ఉత్తరాల కట్ట. ఒక రకంగా ఆ కాలపు వాట్సాప్ గ్రూప్. ఆమె నిలువెత్తు చిత్రాన్ని హోవర్డ్ చాండ్లర్ క్రిస్టీ చేత గీయించి, సంఘం తరఫున వైట్ హౌస్‌కి ఇచ్చారు. సుమారు 1,300 మంది సభ్యులు వైట్ హౌస్ ఈస్ట్ రూమ్‌కి వచ్చారు. ఇక్కడ మర్యాద ఎవరు ఎవరికి చేస్తున్నట్టు? ఇల్లు ఆమెది కాబట్టి ఆతిథ్యం ఆమెది. సన్మానం మాత్రం వాళ్ళది. చిత్రంలో ఎర్ర గౌను, పక్కన తెల్ల కుక్క రాబ్ రాయ్. గౌను ఎరుపు ఎందుకు, తెల్లది వేసుకుని కుక్కకే ఎర్ర రంగు వెయ్యొచ్చుగా అని కూలిడ్జ్ జోక్ చేశాడని చెబుతారు. ఆ గౌను మీద చూస్తే బాణం ఆకారంలో చిన్న పిన్ ఉంటుంది. పై బీటా ఫై బ్యాడ్జ్. దేశంలో ప్రథమ మహిళగా అధికారిక చిత్రంలో ఆమె పెట్టుకోవాలనుకున్నది అది.

సరే, ఇప్పుడు డాలస్ సభ వైపు వద్దాం. ఎందుకంటే ఆ హాల్లో ఉన్నవాళ్ళ అమ్మమ్మలకి 1924లో వైట్ హౌస్ విందు సంగతి అటుంచి, షాపులో పేరు పెట్టి మర్యాదగా పిలిచేవాళ్ళే లేరు.

1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా మొదలైంది. ఎథెల్ హెడ్జ్‌మన్ లైల్ అనే విద్యార్థిని ఆలోచన. నల్లజాతి మహిళలు పెట్టుకున్న మొదటి గ్రీకు అక్షరాల సంఘం. అంతకు ఏడాదికి పైగా ముందు, 1906 డిసెంబర్ 4న కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి కుర్రాళ్ళు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టారు. అంతకు ముందు ఏడాది చదివిన నల్ల విద్యార్థుల్లో ఆరుగురు తిరిగి కాలేజీకి రాలేదు. తోడు లేక చదువు ఆగిపోకుండా ఉండాలని ఒక స్టడీ గ్రూప్ పెట్టుకుంటే, అది ఫ్రటర్నిటీ అయ్యింది. ఆ ఏడుగురినీ వాళ్ళు 'జ్యువెల్స్' అంటారు, రత్నాలు. ఏకేఏ వాళ్ళకి తమ వ్యవస్థాపకులు ఇరవై మంది ముత్యాలు, వాళ్ళ బ్యాడ్జ్‌లో కూడా ఇరవై ముత్యాలుంటాయి. కమలా హారిస్ మెడలో ఎప్పుడూ ముత్యాలు ఎందుకు ఉంటాయో అర్థమైంది కదా.

1913 జనవరి 13న హోవర్డ్‌లోనే ఇరవై రెండు మంది డెల్టా సిగ్మా థీటా అని ఇంకో సొరారిటీ పెట్టారు. వాళ్ళ మొదటి పబ్లిక్ పని పార్టీ కాదు, ఊరేగింపు. 1913 మార్చి 3న, వుడ్రో విల్సన్ ప్రమాణస్వీకారానికి ముందు రోజు, ఆడవాళ్ళకి ఓటు హక్కు కావాలని వాషింగ్టన్‌లో వేలమంది నడిచారు. దక్షిణాది వాళ్ళు ఒప్పుకోరేమో అని భయపడి నల్లజాతి మహిళల్ని వెనక నడవమన్నారు. ఐడా బి. వెల్స్ అనే జర్నలిస్టుని కూడా ఆమె సొంత ఇల్లినాయ్ బృందం వెనక్కి వెళ్ళమంది. ఆమె వెళ్ళలేదు. జనంలో నిలబడి, ఇల్లినాయ్ బృందం దగ్గరికి రాగానే వచ్చి వాళ్ళతోపాటే నడిచింది. ఆ రోజు రోడ్డు మీద డెల్టా అమ్మాయిలు కూడా ఉన్నారు. ఎవరు ముందు నడవాలి, ఎవరు వెనక అనేది మనం 'ప్రోటోకాల్ రగడ' అని పేపర్లో చదివి నవ్వుకునే విషయం. శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు లేదని గొడవ చేసే టైపు. వాళ్ళకి మాత్రం వెనక నడవమనడం అంటే, నువ్వు పూర్తి మనిషివి కాదు అని చెప్పడం.

పిలుపు సంగతి ఇంకా ఘోరం. అప్పటి దక్షిణాదిలో నల్లవాళ్ళని మిస్టర్, మిసెస్ అని పిలవకపోవడం ఒక రాయని రూల్. డాక్టర్ అయినా, టీచర్ అయినా, డెబ్బై ఏళ్ళ ముసలాయన అయినా, తెల్ల పిల్లాడు కూడా పేరు పెట్టి పిలుస్తాడు, లేదా 'బాయ్' అంటాడు. పెద్దావిడైతే 'ఆంటీ'. మన ఆంటీ కాదు అది, మర్యాద ఇవ్వకుండా తప్పించుకునే మాట. తిరిగి వీళ్ళు మాత్రం 'సార్' అనాల్సిందే.

1963లో అలబామాలోని గాడ్స్‌డెన్‌లో ఇది కోర్టు మెట్లెక్కింది. మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్త, కోర్ అనే సంస్థలో పనిచేసేది. నిరసనల్లో అరెస్టై, కోర్టులో సాక్ష్యం చెప్తోంది. ప్రభుత్వ లాయర్ ఆమెని 'మేరీ' అన్నాడు. ఆమె ఆగిపోయింది. నన్ను సరిగ్గా పిలిచేదాకా జవాబు చెప్పను అంది. తెల్ల సాక్షుల్ని మిస్, మిసెస్ అంటున్నారు కదా, నేను మిస్ హామిల్టన్‌ని. జడ్జి జవాబు చెప్పమని ఆదేశించాడు. చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా. అలబామా సుప్రీం కోర్టు కూడా సమర్థించింది, రికార్డు ప్రకారం ఈమె పేరు మేరీ హామిల్టన్, మిస్ మేరీ హామిల్టన్ కాదు అని. ఎంత వెటకారమో చూడండి. కేసు అమెరికా సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1964 మార్చిలో, వాదనలు కూడా వినకుండానే, ఆ శిక్షని కొట్టేసింది.

ఒక్క 'మిస్' కోసం. ఐదు రోజుల జైలుకి సిద్ధపడి.

ఇప్పుడు ఆ రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం ఊహించుకోండి. వారమంతా బజార్లో, బస్సులో, ఆఫీసులో 'ఏయ్ మేరీ' అనిపించుకున్న టీచరమ్మ, తన సొరారిటీ సభకి వెళ్తుంది. అక్కడ ఆమె చాప్టర్ బాసిలియస్. ఆమె లోపలికి రాగానే అందరూ లేస్తారు. పూర్తి పేరు, పూర్తి హోదాతో పిలుస్తారు. బయట ప్రపంచం ఇవ్వని 'మిస్'ని వీళ్ళు వడ్డీతో సహా ఇచ్చుకున్నారు. ఈ యాంగిల్‌లో చూసినప్పుడు ఆ బరువైన గ్రీకు బిరుదులు నాకు ఓవర్ యాక్షన్‌లా అనిపించవు. "హాయ్ మైక్" అనడం బావుంటుంది, నిజమే. కానీ ఫస్ట్ నేమ్ చాలు అనగలిగేది ఎవరు? తనకి రావాల్సిన మర్యాదని ఎప్పుడూ ఎవరూ లాక్కోని మైక్.

1956 ఆగస్టు 11, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో. ఆల్ఫా ఫై ఆల్ఫా యాభై ఏళ్ళ పండగ. ఆ విందులో మాట్లాడి, సంఘం ఇచ్చే గౌరవ పురస్కారం అందుకున్న సభ్యుడికి 27 ఏళ్ళు. నా కంటే చిన్నోడు. పేరు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంది. ఆ జనవరిలో ఆయన ఇంటి మీద బాంబు వేశారు. మార్చిలో కోర్టు ఆయన్ని దోషి అని తేల్చి జరిమానా వేసింది. ఆగస్టులో సొంత అన్నదమ్ములు లేచి నిలబడ్డారు. ఈ అన్నదమ్ములు ఆయన్ని తర్వాత కూడా వదల్లేదు. వాషింగ్టన్‌లో రాతిలోంచి నడిచొస్తున్నట్టుండే కింగ్ విగ్రహం చూసే ఉంటారు, ఆ స్మారకం ప్రతిపాదన 1984లో ఆల్ఫా ఫై ఆల్ఫా నుంచే వచ్చింది. 2011 అక్టోబర్ 16న ఆవిష్కరించారు. ఇరవై ఏడేళ్ళు పట్టింది.

ఇక మర్యాదల లిస్టుకి వస్తే, సంఘాన్ని బట్టి వివరాలు మారతాయి గానీ కొన్ని దాదాపు అన్ని చోట్లా కామన్. మీలో ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు వీళ్ళ ఫంక్షన్ చూస్తారు కాబట్టి చెప్తున్నా. స్టేజ్ మీద సభ నడిపేవాళ్ళకి కుడి పక్క కుర్చీ ముఖ్య అతిథిది. జాతీయ అధ్యక్షులు వస్తే మిగతా అందరికంటే వాళ్ళకే ముందు గౌరవం, తర్వాత మాజీలు. మాజీలకి కూడా హోదా పోదు, 'పాస్ట్ గ్రాండ్ పోలెమార్క్' అని జీవితాంతం పిలుస్తారు. మొదటి వక్త అందరి పేర్లూ, హోదాలూ వరసగా చెప్తే, తర్వాత వచ్చేవాళ్ళు 'ప్రోటోకాల్ ఇప్పటికే పాటించారు కాబట్టి' అనే అర్థం వచ్చే ఒక మాట అనేసి నేరుగా విషయంలోకి వెళ్తారు. ఇది మాత్రం మన సభలకి అర్జెంటుగా దిగుమతి చేసుకోవాలి. "వేదికనలంకరించిన" అని ఎనిమిది మంది వక్తలూ ఎనిమిది సార్లు మొదలుపెడితే, నా చిన్నప్పుడు స్కూల్ యానివర్సరీలో ఎండలో కూర్చున్న మా పరిస్థితి ఏంటి?

వాళ్ళ సంఘ గీతం పాడేటప్పుడు అతిథులు నిశ్శబ్దంగా ఉండాలి, తెలిసినా గొంతు కలపకూడదు. ఏకేఏ వాళ్ళు ఒకరినొకరు 'స్కీ-వీ' అని సన్నటి గొంతుతో పలకరించుకుంటారు. అది సభ్యుల పిలుపు, రీల్ కోసం మనం చెయ్యకూడదు. చేతి గుర్తులు కూడా అంతే. స్ట్రోల్ అని వరసగా డాన్స్ చేస్తూ వెళ్తుంటారు, ఆ వరస మధ్యలోంచి దాటకూడదు. వాళ్ళ అక్షరాలున్న టీషర్టు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికినా వేసుకోకూడదు. లేచి నిలబడే చోట అతిథులు కూడా లేస్తే చాలు, మిగతాదేదీ మన నుంచి ఎవరూ ఆశించరు.

ఇక్కడి దాకా అంతా గొప్పగా చెప్పాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. మర్యాద ఇవ్వడం వేరు, గుంజుకోవడం వేరు. కొత్తగా చేరేవాళ్ళని నెలల తరబడి సతాయించడం, కొట్టడం, 'బిగ్ బ్రదర్' అని తల వంచుకుని పిలవమనడం, ఇదంతా ఈ సంఘాల్లో చాలాకాలం నడిచింది. తెల్లవాళ్ళ ఫ్రటర్నిటీల్లోనూ, నల్లవాళ్ళ సంఘాల్లోనూ ప్రాణాలు పోయాయి. 1989లో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో ఒక కుర్రాడు చనిపోయాక, 1990లో నల్లజాతి సంఘాల నాయకులు కూర్చుని, ప్లెడ్జింగ్ అనే ఆ పాత పద్ధతినే రద్దు చేశారు. కాగితం మీద రద్దయ్యింది. చాటుగా జరగడం పూర్తిగా ఆగలేదు. ఇది మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మన దగ్గర ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. నేను బీటెక్ ఫస్టియర్ చేరింది దానికి ఎన్నో ఏళ్ళ తర్వాత. అయినా హాస్టల్లో చొక్కా మూడో గుండీ చూస్తూ సీనియర్‌ని 'సార్' అనాల్సి వచ్చింది. ఆ 'సార్'లో గౌరవం ఎంత ఉందో నాకూ తెలుసు, ఆ సీనియర్‌కీ తెలుసు. అలబామా కోర్టులో లాయర్ చేసిందీ, ఆ సీనియర్ చేసిందీ నా దృష్టిలో దగ్గరి చుట్టాలే. ఒకడు ఇవ్వాల్సింది ఇవ్వలేదు, ఇంకొకడు రానిది గుంజుకున్నాడు.

మనవాళ్ళ లింక్ కూడా ఒకటుంది. 1998లో టెక్సాస్‌లోనే దక్షిణాసియా పిల్లల కోసం సంఘాలు పుట్టాయి. ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై ఫ్రటర్నిటీ, హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా సొరారిటీ. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో పెరిగిన మీ కజిన్ ఎవరైనా వీటిలో ఉంటే ఆశ్చర్యపోకండి. ఇంట్లో 'అక్కా, బావా' అని పిలిచే పిల్ల కాలేజీలో 'బిగ్ సిస్' అని పిలుస్తుంది. పెద్ద తేడా ఏం లేదు.

చివరగా పోయినవాళ్ళ సంగతి. ఈ సంఘాల్లో సభ్యత్వం చావుతో ముగియదు. ఆల్ఫా ఫై ఆల్ఫా వాళ్ళు చనిపోతే 'ఒమేగా చాప్టర్'లో చేరారు అంటారు, ఒమేగా గ్రీకులో చివరి అక్షరం. కప్పా ఆల్ఫా సై వాళ్ళది 'చాప్టర్ ఇన్విజిబుల్', కనపడని శాఖ. ఏకేఏ వాళ్ళు 'ఐవీ బియాండ్ ద వాల్' అంటారు, గోడ అవతలికి పాకిన తీగ. ఫౌండర్స్ డే రోజు వాళ్ళ పేర్లు చదువుతారు.

కానీ బతికుండగా చేసిన మర్యాదల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. డెల్టా సిగ్మా థీటా ఇరవై రెండు మంది వ్యవస్థాపకుల్లో బెర్తా పిట్స్ క్యాంబెల్ ఒకరు. తర్వాత సియాటిల్‌లో స్థిరపడి అక్కడ జాతి సమానత్వం కోసం దశాబ్దాలు పనిచేసింది. 1981లో డెల్టాలు వాషింగ్టన్‌లో ఆ 1913 ఊరేగింపుని గుర్తు చేసుకుంటూ మళ్ళీ నడిచారు. అదే పెన్సిల్వేనియా అవెన్యూ. ఈసారి వెనక దాదాపు 10,000 మంది డెల్టాలు. అందరికంటే ముందు బెర్తా క్యాంబెల్. అప్పుడు ఆమెకి 92 ఏళ్ళు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఐడా బి. వెల్స్ కథ ఒక్క నిమిషంలో చెప్పేశాను, అది విడిగా ఒక ఎపిసోడ్ చేస్తా. అప్పటిదాకా బై.